గుండె మార్చిన లారీకి వెల ఎంత?

ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అంటారు పెద్దలు. లారీకి మాత్రం ఈ లెక్క పనికిరాదు. తిరిగినన్నాళ్ళే దానికి మర్యాద. షెడ్డులో నిలబడిపోయిందంటే నెల తిరక్కుండానే గుజిరీ అంగడివాడు వాకిట్లోకి వచ్చేస్తాడు. ఇనుము ఎన్ని కిలోలు, టైర్లు ఎంత, కమాన్ కట్టలు ఎంత అని వేళ్ళమీద లెక్క కడతాడు. ధర్మపురి జిల్లా మారండహళ్ళి, పాలక్కోడు, కృష్ణగిరి జిల్లా రాయకోట చుట్టుపక్కల పాత లేలాండో, పాత టాటానో ఇంకా వాకిట్లో ఉంచుకున్న కుటుంబాల ముందు ఉన్న దారులు మూడే. తూకానికి అమ్మేయడం, చింతచెట్టు కింద అలాగే వదిలేయడం, లేదంటే ఇంజను మార్చి మళ్ళీ రోడ్డెక్కించడం.

మూడో దారి గురించే ఎప్పుడూ వాదన. కొత్త రకం ఇంజను వేస్తే పాత బండి విలువ పెరుగుతుందా, తగ్గుతుందా? ఫిట్టరును అడిగితే పెరుగుతుందంటాడు. పాత బళ్ళు సేకరించేవారిని అడిగితే తగ్గుతుందంటారు. బ్రేకు ఇన్‌స్పెక్టరును అడిగితే ముందు ఆర్‌సీ బుక్కు చూపించమంటాడు. విచిత్రమేమంటే ముగ్గురి మాటా నిజమే. ఎందుకంటే ముగ్గురూ మాట్లాడేది ఒకే విలువ గురించి కాదు. తేడా తెలియక నష్టపోయేది మాత్రం ఓనరు ఒక్కడే.

లారీ దారిలో ఊరు

మారండహళ్ళి పేరులో కన్నడం, సంతలో తమిళం, చాలా ఇళ్ళల్లో తెలుగు. హోసూరు - ధర్మపురి రైలు మార్గంలో స్టేషను ఉన్నా, ఈ ప్రాంతం పంటను ఊళ్ళు దాటించింది ప్రధానంగా లారీయే. టమోటా బుట్టలు, కొబ్బరికాయలు, పాలక్కోడు సహకార చక్కెర మిల్లుకు చెరకు - ఏది కదలాలన్నా బండి కావాల్సిందే. కిందికి దిగితే తొప్పూరు కనుమ, దాన్ని దాటితే లారీలకు పేరుమోసిన సంగగిరి, నామక్కల్. పైకి వెళితే హోసూరు. అక్కడ అశోక్ లేలాండ్ ఫ్యాక్టరీ 1980లో మొదలైంది. 2004లో కృష్ణగిరి జిల్లా విడిపోయేదాకా హోసూరు కూడా ధర్మపురి జిల్లాలోనే ఉండేది. అంటే లారీ ఈ జిల్లా మనుషులకు ఎక్కడినుంచో వచ్చిన వస్తువు కాదు. ఇంటి పక్కనే పుట్టిన వస్తువు.

ఈ బళ్ళ వంశవృక్షం కూడా చిన్నది కాదు. రఘునందన్ శరణ్ 1948లో అశోక్ మోటార్స్ స్థాపించినప్పుడు మద్రాసు దగ్గర ఎన్నూరులో బిగించింది ఆస్టిన్ కార్లు. తర్వాత బ్రిటన్‌కు చెందిన లేలాండ్‌తో ఒప్పందం కుదిరింది. 1955లో పేరు అశోక్ లేలాండ్‌గా మారింది. కామెట్ లారీలు దక్షిణాది రోడ్ల మీద ఇంటిపేరు అయ్యాయి. ఆ ఇంజన్లను ఇప్పటికీ పాత డ్రైవర్లు ఘనపు అంగుళాల లెక్కతోనే పిలుస్తారు - మూడు డెబ్బై, నాలుగు వందలు అని. అటు టాటా కంపెనీ 1954లో జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో చేతులు కలిపింది. 1969 దాకా సాగిన ఆ పదిహేనేళ్ళ పొత్తులో ముక్కు బళ్ళ ముందు మెర్సిడెస్ నక్షత్రం మెరిసింది. పొత్తు ముగిశాక నక్షత్రం పోయి టాటా గుర్తు వచ్చింది గానీ, జనం నోట చాలాకాలం అది ‘బెంజి లారీ’గానే ఉండిపోయింది.

ఫిట్టరు మాటలో న్యాయం

ఇంజను మార్చడాన్ని తప్పు పట్టేముందు ఫిట్టరు చెప్పేది వినాలి. ‘సామాన్లు యాడ దొరుకుతాయన్నా? పాతది ఎత్తి పక్కన పెట్టి కమిన్స్ వేసుకుందాం. పికప్ చూడు, డీజిలు చూడు’ - ఈ మాట ఏ షెడ్డుకు పోయినా వినిపించేదే. అందులో అబద్ధం లేదు. కనుమ ఎక్కేటప్పుడు పాత ఇంజను రొప్పుతుంది, నీళ్ళు మరుగుతాయి, లోడు సగం చేయాల్సి వస్తుంది. బాడుగ మాత్రం పాత బండి అని ఎవరూ ఎక్కువ ఇవ్వరు.

పైగా ఇంజను మార్పిడి కొత్తగా పుట్టిన పాపమేమీ కాదు. పెట్రోలుతో నడిచే లారీలు, బస్సులు తిరిగిన రోజుల్లో వాటికి డీజిలు ఇంజను వేయించడం పెద్ద సింగారం. మద్రాసు సింప్సన్ కంపెనీ 1950ల్లో తయారుచేసిన పెర్కిన్స్ పి-6 ఇంజను అలాంటి మార్పిళ్ళకు బాగా పేరు తెచ్చుకుంది. కంపెనీలు సైతం అదే పని చేశాయి. 1980ల్లో అశోక్ లేలాండ్ జపాన్ హైనో ఇంజను తెచ్చి తన బళ్ళలో పెట్టింది. టాటా సంస్థ అమెరికా కమిన్స్‌తో కలిసి 1993లో టాటా కమిన్స్ పెట్టి, జంషెడ్‌పూర్‌లో 5.9 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను తయారుచేసింది. అంబాసిడర్ కారుకు కూడా 1990ల్లో ఇసుజు ఇంజను వచ్చింది. కంపెనీ చేస్తే అభివృద్ధి, షెడ్డులో మేస్త్రీ చేస్తే అపచారం అనడం న్యాయం కాదు.

అయితే ఒక తేడా ఉంది. కంపెనీ ఇంజను మార్చినప్పుడు దాంతోపాటు గేరుబాక్సు, క్లచ్చి, రేడియేటరు, బ్రేకులు, వెనక క్రౌను-పినియను అన్నీ సరిచూసి, పరీక్ష చేయించి, కొత్త పేరుతో అమ్మింది. షెడ్డులో జరిగే మార్పిడిలో చాలాసార్లు ఇంజను ఒక్కటే మారుతుంది. బలం కొత్తది, పట్టు పాతది. అరవై వేగానికి చేసిన బ్రేకుల మీద ఎనభై వేగం పెడితే కనుమ దిగేటప్పుడు తెలుస్తుంది సంగతి. వాక్యూమ్ బ్రేకు బండికి వేసే కొత్త ఇంజనులో వాక్యూమ్ పంపు ఉందా, లేదా? ఇంజను పొట్టిదైతే ప్రొపెల్లర్ షాఫ్టు ఎంత పొడుగు కావాలి? పన్నెండు వోల్టుల వైరింగు మీద ఇరవై నాలుగు వోల్టుల స్టార్టరు పెడితే ఏమవుతుంది? ఈ ప్రశ్నలకు జవాబు లేకుండా చేసిన మార్పిడి విలువ పెంచడం మాట అటుంచి, ప్రాణం మీదికి తెస్తుంది.

‘ఆధునిక’ ఇంజను అంటే ఏది అన్నదీ చూడాలి. దేశమంతటా 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 నిబంధన వచ్చింది. ఆ తరం ఇంజను కామన్ రెయిల్, కంప్యూటరు డబ్బా, పొగ గొట్టం నిండా సెన్సార్లతో వస్తుంది. దాన్ని తెచ్చి పాత కామెట్‌లో కూర్చోబెట్టడం ఊరి షెడ్డులో అయ్యే పని కాదు. అందుకే ఇక్కడ కొత్త ఇంజను అంటే అసలు కొత్తది కాదు. మైకో పంపుతో నడిచే, సుత్తి-స్పానరుకు లొంగే, 1990లు, 2000ల నాటి సెకండ్‌హ్యాండ్ ఇంజను. అంటే ఓనరు డబ్బు పెట్టి కొంటున్నది కొత్త ప్రాణం కాదు, ఇంకో బండిలో సగం జీవితం గడిపిన ప్రాణం. ఆ ఇంజను ఏ బండి నుంచి దిగింది, ఆ బండి కాగితాలు ఏమయ్యాయి అన్న ప్రశ్న కూడా దాని వెంటే వస్తుంది.

ఒకే బండికి మూడు వెలలు

పాత లారీకి మూడు రకాల వెల ఉంటుంది. మొదటిది బాడుగ వెల. రేపు ఉదయం లోడు ఎత్తి తిరిగి రాగలదా అన్నదానిమీద ఆధారపడేది. రెండోది కాగితం వెల. ఆర్‌సీ, ఎఫ్‌సీ, ఇన్సూరెన్సు, పేరు మార్పిడి సవ్యంగా అయ్యేదాన్నిబట్టి ఉండేది. మూడోది జ్ఞాపకం వెల. ఫలానా కాలంలో ఫలానా కంపెనీ ఇలాంటి బండి చేసింది అని చూపించడానికి అది ఎంతవరకు నిజమైన సాక్ష్యం అన్నదాన్నిబట్టి ఉండేది.

ఇంజను మార్చితే మొదటి వెల పెరుగుతుంది. రెండోది ప్రమాదంలో పడుతుంది. మూడోది తగ్గుతుంది. అసలు కిటుకు ఇదే. ఫిట్టరు మొదటిదాన్ని చూస్తాడు, ఇన్‌స్పెక్టరు రెండోదాన్ని, సేకరించేవారు మూడోదాన్ని. ఓనరు మూడూ చూసుకోవాలి.

మొదటి వెల పెరుగుతుందన్న మాటలోనూ ఒక మెలిక ఉంది. మాట వరసకు తుక్కు కింద రెండు లక్షలు పలికే బండి ఉందనుకుందాం. ఇంజను, గేరుబాక్సు, మేస్త్రీ కూలి కలిపి మూడు లక్షలు ఖర్చయిందనుకుందాం. అప్పుడు బండి అయిదు లక్షలకు పోతుందని ఓనరు ఆశ పడతాడు. కొనేవాడు అలా లెక్క వేయడు. ‘ఎవరు బిగించినారో, ఎట్లా బిగించినారో’ అన్న అనుమానానికి ముందే కొంత కోత పెడతాడు. పెట్టిన ఖర్చు రెండు, మూడేళ్ళ బాడుగలో తిరిగి రావాలే తప్ప అమ్మకంలో రాదు. బండిని తానే నడుపుకునేవాడికి మార్పిడి లాభం కావచ్చు. అమ్ముదామని మార్చేవాడికి మాత్రం చాలాసార్లు చేతులు కాలుతాయి.

అమెరికా లెక్క ఇక్కడ ఎందుకు చెల్లదు?

సెల్‌ఫోనులో వీడియోలు చూసే కుర్రవాళ్ళు ఇక్కడ ఒక ప్రశ్న వేస్తారు. అమెరికాలో 1950ల నాటి షెవర్లే, ఫోర్డ్ పికప్‌లకు కొత్త ఇంజన్లు వేసి ఎక్కువ ధరకు అమ్ముతున్నారు కదా, మరి ఇక్కడ ఎందుకు కాదు? ప్రశ్న సమంజసమే. అక్కడ పాత ఒళ్ళు - కొత్త గుండె బళ్ళకు ప్రత్యేకంగా ఒక మార్కెట్టు ఉంది. 1997లో కార్వెట్ కారుతో వచ్చిన ఎల్ఎస్ కుటుంబం ఇంజన్లు పాత షెవర్లే పికప్‌లలోకి విరివిగా ఎక్కాయి. 1989 మోడలు డాడ్జ్ రామ్ పికప్‌తో పేరు తెచ్చుకున్న 5.9 లీటర్ల కమిన్స్ ఇంజనుదీ అదే దారి. జంషెడ్‌పూర్‌లో తయారై ఇక్కడి టాటా బళ్ళలోకి వచ్చినదీ అదే కుటుంబానికి చెందిన ఇంజనే.

కానీ అక్కడి పికప్‌కూ ఇక్కడి లారీకీ పుట్టుకలోనే తేడా. అమెరికా పికప్ మొత్తంగా ఫ్యాక్టరీలోనే తయారవుతుంది. క్యాబిను, తలుపులు, బానెట్టు, వెనక తొట్టి అన్నీ కంపెనీ రేకే. ఇంజను మారినా చూసేవాడి కంటికి అది 1950 షెవర్లేగానే కనబడుతుంది. ఇక్కడ లారీ ఫ్యాక్టరీ నుంచి వచ్చింది చాలావరకు చాసిస్‌గానే. ముందు కౌలు, స్టీరింగు, ఇంజను, గేరుబాక్సు, ఇరుసులు - అంతే. తాత్కాలికంగా కట్టిన సీటు మీద కూర్చుని డ్రైవరు దాన్ని ఎండలో తోలుకొచ్చేవాడు. క్యాబిను, బాడీ కట్టింది నామక్కల్ ఆచారో, విజయవాడ ఆటోనగర్ వడ్రంగో. చెక్క క్యాబిను పదేళ్ళకో పన్నెండేళ్ళకో విప్పి మళ్ళీ కట్టినదే. రంగులు ప్రతి ఆయుధపూజకూ మారినవే.

అంటే ఇక్కడి పాత లారీలో కంపెనీ చేతి గుర్తు ఎక్కడ మిగిలింది? చాసిస్‌లో, ముందు ముక్కులో, ఇంజనులో. అందులో ఇంజను తీసేస్తే మిగిలేది చాసిస్ నంబరు కొట్టిన ఒక ఇనుప దూలం, దానిమీద పదిసార్లు మారిన చెక్క. అమెరికా బండిలో ఇంజను పోతే గుండె పోతుంది గానీ ముఖం మిగులుతుంది. ఇక్కడి లారీలో ఇంజను పోతే సగం ఆనవాలే పోతుంది. అక్కడి ధరలు చూసి ఇక్కడ మార్పిడి చేస్తే లెక్క తప్పేది అందుకే.

జీపు నేర్పిన పాఠం

దీనికి సాక్ష్యం దూరంలో లేదు. 1940ల చివర్లో మహీంద్ర సంస్థ విల్లీస్ జీపులను బిగించడం మొదలుపెట్టింది. వాటిలో ఉన్నది పెట్రోలుతో నడిచే ఇంజను. పెట్రోలు ధర పెరిగేకొద్దీ ఊరూరా ఆ ఇంజన్లు దించి డీజిలు ఇంజన్లు ఎక్కించారు. దించిన వాటిని గుజిరీకి వేశారు. ఆ నిర్ణయం అప్పటికి తప్పు కాదు. డీజిలు వేయకపోతే ఆ జీపుల్లో చాలా వాటికి ఎప్పుడో నూకలు చెల్లిపోయేవి. ఇప్పుడు అవే జీపులను పూర్వరూపానికి తేవాలనుకునేవారు ఆనాటి పెట్రోలు ఇంజను కోసం ఊళ్ళు తిరుగుతున్నారు. కిలోల లెక్కన అమ్మినదాన్ని గ్రాముల లెక్కన కొనాల్సిన పరిస్థితి. మార్చినవారు చేసిన పొరపాటు మార్చడం కాదు. పాతదాన్ని పారేయడం.

పాత వాహనాల సంరక్షణ కోసం 1966లో ఏర్పడిన అంతర్జాతీయ సమాఖ్య ఫీవా కూడా ఈ తేడాను గుర్తిస్తుంది. కనీసం 30 ఏళ్ళ వయసు, చరిత్రకు సరిపోయే స్థితి, రోజువారీ రవాణాకు వాడకపోవడం - ఇవి దాని ప్రమాణాలు. మార్పులు చేసిన బండి అయితే ఆ మార్పు ఆ కాలంలోనే జరిగిందా, తర్వాతి కాలంలో జరిగిందా అని విడదీసి చూస్తుంది. ఆ లెక్కన పెట్రోలు రోజుల్లోనే పెర్కిన్స్ ఎక్కించుకున్న పాత లారీ ఉంటే, ఆ మార్పిడి కూడా చరిత్రే. అదే లారీకి ఈ సంవత్సరం కమిన్స్ ఎక్కిస్తే అది మరమ్మతు మాత్రమే.

బుక్కులో లేని ఇంజను

ఇక అసలు చిక్కు కాగితం దగ్గర. మోటారు వాహనాల చట్టం 1988, 52వ సెక్షను ప్రకారం తయారీదారు పేర్కొన్న వివరాలకూ ఆర్‌సీలోని వివరాలకూ తేడా వచ్చేలా ఓనరు బండిని మార్చకూడదు. సీఎన్‌జీ, బ్యాటరీ వంటి వేరే ఇంధనానికి కిట్లతో మార్చుకోవడానికి మాత్రం షరతులతో వీలుంది. పదికి తక్కువ కాకుండా రవాణా వాహనాలు ఉన్నవారికి, అదే కంపెనీ అదే రకం ఇంజనును ముందస్తు అనుమతి లేకుండా మార్చుకునే అధికారం ప్రభుత్వం ఇవ్వవచ్చు. ఒక్క బండి ఉన్న సామాన్యుడికి ఆ వెసులుబాటు లేదు. పైగా అనుమతి లేకుండా జరిగిన మార్పును 14 రోజుల్లోగా రవాణా కార్యాలయానికి తెలియజేయాలి. 2019లో సవరించిన చట్టంలోని 182-ఎ సెక్షను కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. అదే ఏడాది జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు కూడా తయారీదారు ఇచ్చిన స్వరూపానికి విరుద్ధంగా బండిని మార్చడానికి వీల్లేదని తేల్చిచెప్పింది.

సరిహద్దులో ఉండేవారికి ఇది మరీ ముఖ్యం. కుప్పంలో బంధువు దగ్గర బండి కొని మారండహళ్ళిలో తిప్పుకోవడం, ఇక్కడిది అక్కడికి అమ్మడం మామూలే. ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని ఇంకో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలి. దానికి మొదటి ఆఫీసు నుంచి అభ్యంతరం లేదన్న పత్రం కావాలి. అప్పుడే కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది చాసిస్ నంబరు అచ్చు తీస్తారు, ఇంజను నంబరు చూస్తారు. బుక్కులో ఒకటి, బండిలో ఒకటి ఉంటే అక్కడితో ఆగిపోతుంది పని. ‘మామా, నీ మాట నమ్మి కొన్నాను కదా’ అని అల్లుడు, ‘నాకేం తెలుసు నాయనా, నేను కొన్నప్పుడే అట్లా ఉండె’ అని మామ. బండితోపాటు బంధుత్వమూ షెడ్డుకెక్కుతుంది. దారిలో ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు కంపెనీ మొదట వెతికేదీ ఇలాంటి తేడానే. నంబరు కలవని ఇంజను ఎంత కొత్తదైనా, ఎంత గుర్రంలా దూకినా, కాగితం వెల సున్నా.

లారీకి వారసత్వం లేదా?

నిబంధనలు పాటించి పాత ఇంజనుతోనే బండిని కాపాడుకున్నవాడికైనా ప్రభుత్వం మేలు చేసిందా అంటే అదీ లేదు. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషను తెచ్చింది. యాభై ఏళ్ళు దాటి, చాసిస్, బాడీ, ఇంజనులో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్నవాటికి ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. ఫీజు 20,000 రూపాయలు, గడువు పదేళ్ళు. మంచిదే. కానీ అది సొంత వాడకపు ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలకే పరిమితం. సరుకు మోసిన లారీకి అందులో చోటు లేదు.

రాజావారు షికారుకు వెళ్ళిన కారు వారసత్వమా? రైతు పంటను బజారుకు చేర్చిన లారీ తుక్కా? ఇదెక్కడి న్యాయం? కారు కంటే లారీ చరిత్ర చిన్నదేమీ కాదు. ఈ సరిహద్దు పల్లెల్లో ఎన్నో కుటుంబాలు ఇల్లు కట్టింది, పిల్లలను చదివించింది, ఆడపిల్లల పెళ్ళిళ్ళు చేసింది ఆ ఆరు చక్రాల మీదే. బరువులు మోసిన బండికీ గౌరవం దక్కవచ్చని చూపే ఉదాహరణ తెలుగు నేల మీదే ఉంది. నిజాం రాష్ట్ర రైల్వే రోడ్డు రవాణా విభాగం 1932లో 27 బస్సులతో మొదలైంది. ఆ కాలపు ఆల్బియన్ బస్సును హైదరాబాదు ఆర్టీసీవారు పదిలంగా నిలుపుకున్నారు. జనాన్ని మోసిన బస్సుకు దక్కిన గౌరవం సరుకును మోసిన లారీకి ఎందుకు దక్కకూడదు?

తుక్కు విధానం ఊపందుకున్న ఈ రోజుల్లో ఈ ప్రశ్న ఇంకా అత్యవసరం. 15 ఏళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషను 2023 ఏప్రిల్ నుంచి రద్దవుతోంది. పాత వాణిజ్య వాహనాల ఎఫ్‌సీ ఖర్చులు భారమయ్యాయి. పొగ తగ్గాలి, ప్రమాదాలు తగ్గాలి - కాదనలేం. కానీ వేలల్లో పోయేవాటిలో పదో ఇరవయ్యో నిలుపుకోవడం వల్ల గాలి చెడిపోదు. రోజూ బాడుగకు తిరగకుండా, ఏడాదికి నాలుగుసార్లు పండక్కో ప్రదర్శనకో కదిలే పాత లారీని వింటేజ్ నిబంధనలో చేర్చడం కేంద్రానికి ఒక్క సవరణతో అయ్యే పని. ప్రజాప్రతినిధులు అడగాల్సిన సంగతి ఇది. లేలాండ్ ఊరైన హోసూరులో పాత లారీల కోసం ఒక శాశ్వత ప్రదర్శనశాల కట్టినా ఆ ఊరికి తగినదే అవుతుంది.

ఓనరు చేయవలసింది

ప్రభుత్వం కదిలేదాకా ఓనరు చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. మొట్టమొదట, బండి ఎందుకు కావాలో తేల్చుకోవాలి. బాడుగకా, అమ్మడానికా, ఇంటి గుర్తుగానా? మూడింటికీ ఒకే మందు లేదు.

బాడుగకైతే, ఇంజను మార్చేముందు ఉన్న ఇంజనుకే పూర్తి పని చేయిస్తే ఎంతవుతుందో లెక్క అడగాలి. రీబోరు, స్లీవులు, క్రాంకు గ్రైండింగు, పంపు సర్వీసు చేయిస్తే నంబరు మారదు, బుక్కు మారదు, బండి పేరూ మారదు. సామాన్లు దొరకవన్న మాట కొన్ని ఇంజన్ల విషయంలో నిజం, కొన్నింటి విషయంలో మేస్త్రీ సౌకర్యం. రెండు మూడు షెడ్లలో అడిగితే ఏది నిజమో తెలిసిపోతుంది. ఇక మార్చక తప్పదు అనుకుంటే అదే కంపెనీ, అదే రకం ఇంజను వెతకాలి. బిల్లు, అది దిగిన బండి వివరాలు చేతిలో పెట్టుకోవాలి. స్పానరు పట్టకముందే రవాణా ఆఫీసులో అర్జీ పెట్టాలి. బిగించిన తర్వాత పోయి బతిమాలుకునే పద్ధతి ఇప్పుడు చెల్లదు.

ఇంటి గుర్తుగా ఉంచుకోవాలనుకుంటే ఆధునిక ఇంజను ఆలోచనే వద్దు. నడవకపోయినా ఫరవాలేదు, పాత ఇంజను దాని చోటులోనే ఉండాలి. నెలకోసారి క్రాంకు తిప్పి, నూనె పోసి, ఎలుకలు వైర్లు కొరకకుండా చూసుకుంటే చాలు.

ఏ దారి పట్టినా రెండు పనులు మాత్రం చేయకూడదు. ఒకటి, కొత్త ఇంజను పట్టడం కోసం చాసిస్‌ను గ్యాసు కట్టరుతో కోయకూడదు. బోల్టు విప్పితే మళ్ళీ బిగించవచ్చు, కోసింది మళ్ళీ అతకదు. రెండు, దించిన ఇంజనును అమ్మకూడదు. చెక్క దిమ్మెల మీద నిలబెట్టి, గ్రీజు పూసి, నోళ్ళు మూసి, తార్పాలు కప్పి మూలన పెట్టాలి. దాన్ని తూకానికి వేస్తే చేతికి వచ్చేది నాలుగు రోజుల ఖర్చు డబ్బు. ఉంచుకుంటే రేపు కొడుకో మనవడో బండిని మొదటి రూపానికి తేవాలనుకున్న రోజున తలుపు తెరిచి ఉంటుంది.

కొనేవారికీ ఒక మాట. పాత బండి చూడబోయినప్పుడు రంగు, చప్పుడు కాదు చూడాల్సింది. మొదట ఇంజను నంబరు, ఆర్‌సీలో నంబరు పక్కపక్కన పెట్టి చదవాలి. తేడా ఉంటే బంధువైనా, స్నేహితుడైనా సరిచేయించి ఇమ్మనాలి. మార్పిడి జరిగిందని చెప్పి, కాగితాలు చూపించి, పాత ఇంజను కూడా తోడు ఇచ్చేవాడు దొరికితే నాలుగు రూపాయలు ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు. దాచిపెట్టి అమ్మేవాడు సగం ధరకు ఇచ్చినా అది చవక బేరం కాదు.

కాబట్టి ప్రశ్నకు జవాబు ఇంతే. ఆధునిక ఇంజను పాత లారీకి కూలి పెంచుతుంది, విలువ పెంచదు. విలువ పెంచేవి నంబరు కలిసే కాగితం, కోయని చాసిస్, పారేయని పాత ఇంజను. ఈ మూడూ ఉన్న బండిని గుజిరీవాడు ఎంతకు అడిగినా తొందరపడి ఇవ్వనక్కరలేదు. మూడూ లేని బండికి ఎంత కొత్త గుండె పెట్టినా, అది ఇంకొకరి పేరుతో తిరిగే బండే.